తోక మీద గాటు

ఆగస్టు రెండో శనివారం టిబెట్స్ రేవులో సెనేటర్ గారికి విందు పెట్టారు. రేవంటే ఎంత? ముప్ఫై ఎనిమిది పడవలు, ఒక సహకార సంఘం, ఒక చర్చి, డీజిల్ పోసే పంపు ఒకటి. అంతమాత్రం రేవుకి సెనేటర్ హాలిస్ ప్రెంటిస్ అంతటివాడు తనంతట తాను వస్తే ఊరుకుంటారా! పొద్దున్నించే పెద్ద గుండిగల్లో సముద్రపు నీళ్లు కాగుతున్నాయి. చెక్కబల్లల మీద పాత పేపర్లు పరిచారు. ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు, కరిగించిన వెన్న, ఆడవాళ్లు ఇళ్ల దగ్గర చేసి తెచ్చిన బ్లూబెర్రీ పైలు. వాటి మధ్య రాతిరొయ్యలు, హోటళ్లవాళ్లు లాబ్‌స్టర్లని ముద్దుగా పిలిచేవి, ఎర్రగా ఉడికి గుట్టలు గుట్టలుగా ఉన్నాయి.

లోవెల్ హంట్లీని తీసుకెళ్లి సెనేటర్ పక్కనే కూర్చోబెట్టారు. లోవెల్‌కి అరవై రెండేళ్లు. నలుగురిలో కూర్చోవడమంటే మనిషికి ప్రాణం మీదికొస్తుంది. భార్య నెట్టీ పోయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు, ఇంట్లో కంటే పడవ మీదే అతనికి మాటలు ఎక్కువ. అయినా ఆ కుర్చీలో కూర్చోక తప్పలేదు. వచ్చే నెల సరిహద్దు ఊళ్లో రెండు దేశాల ఉమ్మడి కమిటీ ముందు రేవు తరఫున సాక్ష్యం చెప్పాల్సింది అతనే మరి.

సంగతేమిటంటే, రేవుకి పద్దెనిమిది మైళ్ల అవతల పెట్రెల్ దిబ్బ అని ఒక బోడి రాయి ఉంది. ఆ రాయి మాదంటే మాదని అమెరికా, కెనడా ఎప్పటినుంచో దెబ్బలాడుకుంటున్నాయి. దాని చుట్టూ నీళ్లలో ఇటువాళ్లూ రొయ్యలు పట్టే బోనులు దింపుతారు, అటువాళ్లూ దింపుతారు. అక్కడ ఎవరి పోలీసూ ఎవరికీ పోలీసు కాదు. అందుకని పదేళ్ల కిందట రెండు దేశాలూ కూర్చుని ఒక్క నియమం మాత్రం రాసుకున్నాయి. పొట్టకింద గుడ్లు మోసే తల్లిరొయ్య బోనులో పడితే, దాని తోకరెక్క మీద కత్తితో చిన్న గాటు పెట్టి నీళ్లలో వదిలెయ్యాలి. ఆ తర్వాత అది గుడ్లు లేకుండా దొరికినా సరే, గాటు కనిపిస్తే చాలు, ఎవడైనా వదిలెయ్యాల్సిందే. టిబెట్స్ రేవులో ఈ ఆచారం తాతలనాటిది. కెనడావాళ్లకి కాగితం మీద వచ్చింది. ఆ కాగితానికి ఈ సెప్టెంబరుతో గడువు తీరిపోతోంది. పొడిగించాలా, మూల పడెయ్యాలా అన్నది కమిటీ తేలుస్తుంది.

సెనేటర్ లేచి గొంతు సవరించుకున్నాడు. మనిషి దబ్బపండులా ఉంటాడు, గొంతు ఇంకా బాగుంటుంది.

“నియమమంటే నియమమే! చిన్న దేశానికైనా పెద్ద దేశానికైనా ఒకటే తూకం. మన మనిషి ఆ గాటు చూడగానే నోటి దగ్గర కూడు తనే సముద్రంలోకి విసిరేస్తాడు. అవతలివాడు అదే గాటు చూసి పెట్టెలో వేసుకుంటాడు. అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టి ఇదా చేసేది? ప్రపంచానికి నీతి చెప్పే హక్కు మనకుంది. ఎందుకంటే మనం చేసి చెబుతున్నాం!”

చప్పట్లు మోగిపోయాయి. లోవెల్ కూడా కొట్టాడు. ఎందుకు కొట్టడూ? నలభై నాలుగేళ్లుగా వదిలేస్తున్నవాడు, ఆ మాట తన గురించే అన్నట్టుగా అనిపించి ఒళ్లు పులకరించింది.

సెనేటర్ కూర్చుని, చేతులు తుడుచుకుని, పళ్లెంలో రొయ్య తోక విరిచాడు. విరిచి, దాని రెక్కలు వెలుగులోకి పట్టుకుని చూశాడు.

“ఇదేంటి లోవెల్ గారూ, దీన్నేదో కొరికినట్టుందే? చేపా?”

లోవెల్ చూశాడు. మధ్యరెక్కకి కుడిపక్క రెక్క మీద గాటు. అంచులు కాస్త మొద్దుబారాయి, అంటే పెట్టిన తర్వాత ఒకసారి పెంకు మార్చిందన్నమాట. ఇంతసేపూ గాటు మీద ఉపన్యాసం దంచిన పెద్దమనిషికి గాటంటే ఎలా ఉంటుందో తెలీదు! పళ్లెంలో పెట్టుకుని చేప కొరికిందా అని అడుగుతున్నాడు. అదొక ఎత్తు. ఇంకో ఎత్తు ఏమిటంటే, ఆ గాటు ఎవరు పెట్టిందో లోవెల్‌కి తెలుసు. ఎడమకి వాలి, కింద కొంచెం వంకర తిరిగి ఉంది. మరలో పడి బొటనవేలు నలిగినవాడు కత్తి పట్టుకుంటే తప్ప ఆ వంకర రాదు. రేవు మొత్తమ్మీద అలాంటి బొటనవేలు ఒక్కడికే ఉంది. సంఘం పెత్తనం చేసే డర్‌వుడ్ బీల్. నెట్టీ తమ్ముడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ చూశారు. చూసి, అందరికీ ఒక్కసారే మొక్కజొన్న మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తల ఎత్తినవాడు లేడు.

డర్‌వుడ్ బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “రెక్కలో కండేముంటుంది సార్, ఇలా ఇచ్చెయ్యండి,” అని ఆ రెక్కలు తుంచి బకెట్లో పడేశాడు. సెనేటర్ కండని వెన్నలో ముంచి కళ్లు మూసుకుని తిన్నాడు. బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం డర్‌వుడ్ గొట్టంతో బల్లలు కడుగుతుంటే లోవెల్ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

“ఒరేయ్, అది నీ చేతి గాటేరా.”

“పట్టేశావా! నీ కళ్లు మండ. పొరపాటున పెట్టె మారిపోయింది బావా.”

“ఏ పెట్టె?”

డర్‌వుడ్ గొట్టం కట్టేశాడు. చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు. “దిబ్బ దగ్గరికి కెనడా కొనుగోలు పడవ వస్తోంది. వాడికి గాటూ లేదు గీటూ లేదు, ఏదిచ్చినా పుచ్చుకుంటాడు. రెండేళ్ల నుంచీ.”

“ఎవరెవరు?”

“ఎవరు కాదో అడుగు, చెప్పడం సులువు. నువ్వు కాదు. అయిపోయింది.”

లోవెల్ లెక్కేసుకున్నాడు. ముప్ఫై ఏడు పడవలు! రోజూ పొద్దున రేడియోలో ఒకళ్లనొకళ్లు ఆడిపోసుకుంటూ, పెళ్లాల మీద జోకులేసుకుంటూ తనతో పాటు బయల్దేరేవాళ్లు. తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నారు, తనకి మాత్రం ముక్క కూడా చెప్పలేదు. రొయ్యల్ని అమ్మినందుకు కంటే తనకి చెప్పకుండా రెండేళ్లు తనతో నవ్వినందుకు ఎక్కువ మండింది.

“మరి కెనడావాళ్లు దొంగలని మీటింగుల్లో గుండెలు బాదుకుంటావేం?”

“అది మీటింగు బావా!” డర్‌వుడ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మనం వదిలింది రేపు వాడి బోనులో పడుతుంది. వాడు తినేదాన్ని మనమే పట్టి వాడికి అమ్మితే తప్పేంటి? నువ్వొక్కడివే వదిలేస్తే సముద్రం నిండిపోద్దా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు. అక్క ఉన్నప్పుడైనా నీకు కాస్త లౌక్యం చెప్పేది.”

నెట్టీ మాటెత్తేసరికి లోవెల్ వెనక్కి తిరిగాడు.

మంగళవారం సెనేటర్ బసచేసిన హోటలుకి వెళ్లాడు. ఎంత అమాయకుడో చూడండి, పెద్దాయనకి తెలీదేమో, తెలిస్తే డర్‌వుడ్‌ని పిలిచి నాలుగు చీవాట్లు పెడతాడని ఆశ. పళ్లెంలో కనిపించింది గాటేనని, రేవు రేవంతా ఇదే పని చేస్తోందని, పేర్లు మాత్రం మింగేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

సెనేటర్ ఏమీ ఉలిక్కిపడలేదు. కాఫీ చప్పరిస్తూ విన్నాడు.

“చూడండి లోవెల్ గారూ, నిజం చెప్పినందుకు సంతోషం. కానీ దేనికదే. వాళ్లు చేస్తే ఉల్లంఘన. మనవాళ్లు చేస్తే ఇబ్బంది. పిల్లల స్కూలు ఫీజులు, పడవ వాయిదాలు, ఎవరి ఇబ్బందులు వాళ్లవి. అర్థం చేసుకోవాలి.”

“నియమం ఒకటే కదండీ?”

“నియమం ఒకటే. చూసే కిటికీలు వేరు.” తన మాట తనకే నచ్చి నవ్వాడు. తర్వాత టైపు చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. “హాల్లో ఇంతకంటే ఒక్క ముక్క వద్దు. ఇంటి గొడవ ఇంట్లో చూసుకుందాం. నామీద వదిలెయ్యండి.”

కాగితంలో మొదటి వాక్యం ఇలా ఉంది: మా రేవులో గాటు ఉన్న ఒక్క రొయ్య కూడా పెట్టెలోకి వెళ్లదని నేను దేవుడి సాక్షిగా చెబుతున్నాను.

గురివింద తన కింద నలుపెరగదంటారు. ఈయన సంగతి అదీ కాదు. నలుపు తెలుసు, దాని మీద కూర్చుని ఎరుపు చూపిస్తున్నాడు. లోవెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ గాటు గురించి అతనికి అంత పట్టుదల ఎందుకో రేవులో ఎవరికీ అర్థం కాలేదు. ఛాదస్తం అనుకున్నారు. నిజానికి లోవెల్‌కి అది ఉత్తరంలాంటిది. నడిసముద్రంలో, మంచులో, చూసేవాడు లేని చోట బోను పైకి లాగుతావు. లోపల గాటున్న రొయ్య. అంటే నీకంటే ముందు ఎవరో, ఏ పడవో, ఇదే చలిలో దీన్ని చేతిలోకి తీసుకున్నారు. అమ్ముకుంటే అడిగేవాడు లేడు, అయినా వదిలారు. నువ్వూ వదులుతావని నమ్మి వదిలారు. మొహం తెలీని మనిషి నిన్ను నమ్మడం చిన్న సంగతా?

నెట్టీ ఇరవై ఏళ్లు అతనితో పడవ మీద పనిచేసింది. ఆమె గాటు చిన్నగా, నీటుగా, మూడు కోణాలూ సమానంగా ఉండేది. ఆమె పోయాక కూడా రెండేళ్లపాటు అప్పుడప్పుడూ బోనుల్లో తగిలేది. తగిలిన రోజు లోవెల్ దానితో కాసేపు మాట్లాడి వదిలేవాడు. పెంకు మార్చిన కొద్దీ గాటు పూడిపోతుంది. నాలుగేళ్లుగా ఒక్కటీ కనపడలేదు. పూడిపోయాయిలే అని సర్దిచెప్పుకున్నాడు ఇన్నాళ్లూ. ఇప్పుడు వాటిలో ఎన్ని డర్‌వుడ్ పెట్టెల్లోకి వెళ్లాయో అన్న ఆలోచన వచ్చేసరికి కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

సెనేటర్‌తో ఏం చెప్పాడో రేవుకి రెండు రోజుల్లో తెలిసిపోయింది. గురువారం పొద్దున అతని బెండ్లు, బోను ఎక్కడుందో చూపించే ఆ తేలే గుర్తులు, తెలుపు మీద నారింజ చారవి, పన్నెండింటికి, బెండులో గుచ్చిన కర్ర మీద, తాడుతో రెండేసి ముడులు వేసి ఉన్నాయి. రేవువాళ్లకి ఇది పాత భాష. రెండు ముడులంటే, పద్ధతి మార్చుకో. మార్చుకోకపోతే తరువాత తాళ్లు తెగుతాయి. లోవెల్ చిన్నప్పుడు తండ్రి ఒక దొంగ బెండుకి ముడులు వేస్తుంటే పక్కనుండి చూశాడు. తనకి వేస్తారని కలలో కూడా అనుకోలేదు. ఒక్కొక్క ముడీ గోళ్లతో విప్పాడు. తడిసి బిగిసిపోయాయి, చాలాసేపు పట్టింది.

సాక్ష్యం రోజున డర్‌వుడ్ తనే కారులో తీసుకెళ్లాడు. దారంతా చలికాలం కట్టెల గురించి మాట్లాడాడు. వంతెన దాటబోయే ముందు మాత్రం ఒక్క మాటన్నాడు. “కాగితం చదివేసి వచ్చెయ్ బావా. ఆదివారం భోజనానికి మా ఇంటికి రా, చాలా రోజులైంది.”

 నిజంగానే చాలా రోజులైంది. ఆ ఇంట్లో పదిమంది పిల్లలూ పెద్దలూ ఒకేసారి మాట్లాడతారు, బీన్సు గిన్నె చేతులు మారుతూనే ఉంటుంది. చదివేస్తే పోలా అని ఆ క్షణంలో లోవెల్ నిజంగా అనుకున్నాడు. నలభై నాలుగేళ్లు వదిలాడు, ఇంకేం చెయ్యాలి ఒక మనిషి?

హోటలు హాల్లో పొడుగు బల్ల, రెండు జెండాలు, నీళ్ల సీసాలు. ఇటు సెనేటర్, అటు కెనడా ప్రతినిధి. కెనడా ఆయన ముందు మాట్లాడాడు. నియమబద్ధమైన ప్రపంచం అన్నాడు, మహాసముద్రాలు మానవాళి ఉమ్మడి సొత్తు అన్నాడు. శ్రీరంగనీతులు చెప్పడంలో ఇద్దరూ ఇద్దరే. వెనక వరసలో అటువైపు పడవలవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఫెర్న్ గప్టిల్ ఉంది. సొంత పడవ నడిపే మనిషి, యాభై దాటాయి. పెట్రెల్ దిబ్బ దగ్గర తాళ్లు మెలిపడ్డప్పుడల్లా ఆమెకీ లోవెల్‌కీ రేడియోలో పదిహేనేళ్లుగా తిట్లపురాణమే. మొహం చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

అధ్యక్షురాలు కళ్లద్దాల మీంచి చూసింది. “హంట్లీ గారూ, మీ రేవులో గాటున్నవాటిని వదిలేస్తున్నారా?”

లోవెల్ కాగితం తీశాడు. “మా రేవులో” అని మొదలుపెట్టాడు. దేవుడి సాక్షిగా అన్న చోటికి కళ్లు వెళ్లాయి. అక్కడ ఆగిపోయాడు.  డర్‌వుడ్ వెనకనుంచి దగ్గాడు.

“వదిలేవాళ్లం,” అన్నాడు లోవెల్. “ఇప్పుడు అమ్ముతున్నాం.”

“ఎవరికి?” కెనడా ప్రతినిధి సంబరంగా ముందుకి వంగాడు.

“మీ పడవకే.”

సంబరం కాస్త చల్లారింది. ఎవరో వెనక కిసుక్కున నవ్వి, దగ్గులోకి మార్చారు.

“అయ్యా, మేం దొంగలం, మీరు దొంగసొత్తు కొనేవాళ్లు,” లోవెల్ బల్ల పట్టుకున్నాడు. “అందుకే ఆ కాగితం ఉండాలంటున్నాను. అందరూ బుద్ధిమంతులైతే కాగితం ఎందుకు? తప్పు చేసినప్పుడు ఇది తప్పు అని చూపించడానికి ఒకటుండాలి కదా. అది కూడా తీసేస్తే రేపు నాలాంటివాడు దేన్ని పట్టుకుని అడగాలి? తీసెయ్యకండి. మమ్మల్ని శిక్షించండి, దాన్ని మాత్రం ఉంచండి.”

జీవితంలో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. కాగితం మడిచి కూర్చున్నాడు.

విరామం ఇచ్చారు. కాఫీ పాత్ర దగ్గర సెనేటరూ కెనడా ప్రతినిధీ భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఏదో జోకు, ఇద్దరూ నవ్వారు. పావుగంట తర్వాత అధ్యక్షురాలు వాళ్లిచ్చిన ఉమ్మడి ప్రకటన చదివింది. రెండు పక్షాలూ పాటించడం లేదని సాక్ష్యంలో తేలింది కాబట్టి, అధ్యయనం పూర్తయ్యేదాకా ఒప్పందం పొడిగింపు నిలిపివేస్తున్నారు. అంతర్జాతీయ నియమాల పట్ల ఉభయ దేశాలకూ ఉన్న అచంచలమైన గౌరవాన్ని ఈ సందర్భంగా మరోసారి చాటుతున్నారు.

చప్పట్లు కొట్టారు. కొట్టారండీ, నిజంగా కొట్టారు!

సెనేటర్ వెళ్తూ వెళ్తూ లోవెల్ భుజం తట్టాడు. “మీలాంటి నిజాయితీపరులుండబట్టే దేశం నిలబడింది,” అన్నాడు. ఆ మొహంలో కోపమన్నది లేదు. ఎందుకుంటుంది? ఒప్పందమే లేకపోతే మనవాళ్ల అమ్మకం తప్పే కాదు, పైకి అడగలేని ఆ పనిని ఆయన లోవెల్ నోటితోనే చేయించుకున్నాడు. బతికించమని చెప్పిన మాటనే తాడుగా పేని ఉరేశారు. అది లోవెల్ తలకెక్కేసరికి హాలు ఖాళీ అయిపోయింది. అబద్ధం చదివి ఉంటే నియమం బతికేది. నిజం చెప్పి చంపుకున్నాడు.

డర్‌వుడ్ కారు ఎప్పుడో వెళ్లిపోయింది. బయట బస్సు కోసం నిలబడితే ఫెర్న్ గప్టిల్ తన ట్రక్కు తాళాలు తిప్పుకుంటూ వచ్చింది.

“మా తాళ్లు కోసే మహానుభావుడివి నువ్వేనా? రేడియోలో గొంతు విని ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నా.”

“నేనెప్పుడూ కొయ్యలేదు.”

“కోశావులే, రెండు వేల పదమూడులో.” తాళాలు తిప్పడం ఆపింది. “ఒకటడుగుతాను. ఎవరూ చూడకపోయినా వదిలేస్తావా నిజంగా?”

“ఎవరూ చూడనప్పుడే కదా వదిలేది. చూస్తుంటే అందరూ వదుల్తారు.”

ఫెర్న్ అతన్ని ఎగాదిగా చూసి, “పిచ్చిమాలోకం,” అని ట్రక్కెక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రేవులో ఎవరూ లోవెల్‌ని కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున్నే పడవ దగ్గరికి నడుస్తుంటే మాటలు ఆగిపోయేవి, దాటిపోయాక మళ్లీ మొదలయ్యేవి. డీజిల్ పంపు దగ్గర అతని వంతు వచ్చేసరికి పంపు మనిషికి ఎక్కడలేని పని గుర్తొచ్చేది. రేడియోలో అందరూ వాతావరణం గురించి, బేస్‌బాల్ గురించి వాగుతుంటే లోవెల్ “దిబ్బ దగ్గర పొగమంచు దట్టంగా ఉంది” అని ఒక మాట అనేవాడు. అంతే, ఛానెల్ మొత్తం చచ్చినట్టు అయిపోయేది. అతను మైకు పెట్టేసిన రెండు నిమిషాలకి మళ్లీ నవ్వులు. రెండో వారంలో నూట నలభై బోనుల తాళ్లు తెగాయి. తెగిన తాడు కొసలు చూశాడు. పదునైన కత్తి, ఒక్క కోతకి పోయాయి. ఎవరి చెయ్యో పోల్చుకోవడానికి ప్రయత్నించలేదు.

ఇంట్లో పళ్లెం, గ్లాసు, చెంచా ఒక్కొక్కటే కడిగి బోర్లించేవాడు. మాట్లాడటం మరిచిపోతానేమోనని భయమేసి ఒకరోజు కెటిల్‌తో మాట్లాడాడు. తనకే సిగ్గేసింది.

అయినా వేటకి వెళ్లడం మానలేదు. గాటున్నవి అప్పుడొకటి అప్పుడొకటి తగులుతూనే ఉన్నాయి. ఇప్పుడు వదలాలని ఏ కాగితమూ చెప్పడం లేదు. వదులుతూనే ఉన్నాడు. ఏమైనా ఒరుగుతుందని కాదు.  చేతికి వేరే పని రాదు, అంతే.

అక్టోబరు పదో తారీఖు పొద్దున, సాక్ష్యం చెప్పిన పంతొమ్మిదో రోజు, దిబ్బకి తూర్పున బోను లాగుతున్నాడు. పొగమంచులో పడవ ముక్కు కూడా సరిగ్గా కనపడటం లేదు. రేడియోలో రేవువాళ్లు ఎవరి కూతురి పెళ్లి గురించో చెప్పుకుంటున్నారు. మధ్యలో ఒక ఆడగొంతు దూరింది.

“హంట్లీ! లోవెల్ హంట్లీ, ఉన్నావా?”

పెళ్లి కబుర్లు టక్కున ఆగిపోయాయి. లోవెల్ బోను అలాగే వేలాడదీసి మైకు అందుకున్నాడు. అందుకున్నాడే గానీ నొక్కలేదు. ఆ గొంతు ఎవరిదో ముప్ఫై ఎనిమిది పడవలకీ తెలుసు. రేవు ఛానెల్లో కెనడా మనిషితో మాట్లాడితే మిగిలిన బోనులు కూడా రేపటికి ఉండవు. ఎప్పుడో ఒకప్పుడు, వచ్చే ఏడో ఆ పై ఏడో, వీళ్ల కోపం చల్లారి ఆదివారం భోజనానికి పిలుస్తారన్న ఆశ ఏ మూలో ఉంది చూశారూ, అదీ ఉండదు.

“ఉన్నావా, సచ్చావా? చెయ్యి కొరుకుతోంది ఇది. పొట్టకింద గుడ్లు, బోలెడున్నాయి. ఏ రెక్క మీద కొయ్యాలి? మావాళ్లలో ఒక్కడికీ తెలీదు, అడిగితే నవ్వుతున్నారు.”

లోవెల్ మీట నొక్కాడు.

“వీపు పైకి ఉండేలా పట్టుకో. తోక నీవైపు. మధ్యది కాదు, దానికి కుడిపక్కది.”

“కుడంటే నా కుడేనా?”

“నీ కుడే.”

అప్పుడు రేడియోలో ఇంకో గొంతు వచ్చింది. “లోవెల్. అది మన ఛానెల్.”

డర్‌వుడ్. బావా అని కాదు, పేరు పెట్టి. పంతొమ్మిది రోజుల్లో ఆ రేవు మనిషి అతనితో అన్న మొదటి మాట అది. 

“ఏం, వేరే ఛానెల్‌కి మారమంటావా?” అంది ఫెర్న్.

లోవెల్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. “వద్దు. ఇక్కడే,” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, మరిచిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా తెలిసేలా, ఒక్కొక్క ముక్కా చెప్పాడు. “లోతు పావంగుళం చాలు. మరీ లోతుగా కోస్తే పుండు పడుతుంది. పైపైన గీస్తే ఒకసారి పెంకు మార్చగానే పూడిపోతుంది, అవతలివాడికి కనపడదు. రెండు కోతలు, అటొకటి ఇటొకటి, ముక్క ఊడి రావాలి. కోశాక గిరాటెయ్యకు. నీళ్లకి దగ్గరగా వంగి వదులు, తోక ముందుగా.”

చాలాసేపు ఏమీ వినపడలేదు.

“కోశాను. వంకరొచ్చింది,” అంది ఫెర్న్. ఇంకాసేపటికి, “వెళ్లిపోయింది,” అంది. ఛానెల్ ఖాళీ అయింది.

లోవెల్ మైకు తగిలించలేదు. డర్‌వుడ్ ఇంకేమైనా అంటాడేమోనని దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. బోను తాడు మీంచి నీళ్లు బొట్లుబొట్లుగా అతని బూట్ల మీద కారుతున్నాయి.